ట్రైలర్ లాగడానికి నేను

శనివారం, ప్లేనో

సెలవులకి మోటర్‌హోమ్, అదే ఇల్లులాంటి పెద్ద వ్యాన్, తీసుకుందామన్నాను. అందరం ఒకే బండిలో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లొచ్చని. బావకి బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు, ట్రైలరే కావాలట. నడిచే ట్రైలర్‌లో ఎవరూ కూర్చోకూడదు. దాన్ని లాగే పికప్ ట్రక్కు ఇంట్లో నా ఒక్కడికే ఉంది.

"నువ్వు లాక్కుంటూ వచ్చెయ్ బామ్మర్దీ, మేమంతా కార్‌లో వస్తాం. కాలేజీ మానేసినా డ్రైవింగ్ బానే వచ్చుగా!" అన్నాడు. ఇంటికొచ్చిన ఆయన ఫ్రెండ్స్ పగలబడి నవ్వారు.

"వాడికి ఒక్కడే వెళ్లడం ఇష్టంలే" అంది అక్క, నవ్వుతూనే. ఇష్టమని నేనెప్పుడు చెప్పాను?

ఇందాకే గరాజ్‌లోకి వెళ్లి, పికప్‌కి ట్రైలర్ తగిలించే హిచ్ ఊడదీసి నా మంచం కింద పడేశాను. రేపు పొద్దున బయల్దేరేటప్పుడు అక్క అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలీదు. బావ అడిగితే మాత్రం తెలుసు: మీ డిగ్రీకి తగిలించుకుని లాక్కోండి.