ఎర్ర కాగితం చుట్టిన టార్చి

ఒరే మల్లేశా,

ఈరోజు సంగారెడ్డిలో నీ బిడ్డ కబడ్డీ ఫైనల్ ఆడింది. ఆటకు ముందు ఫిజియో ఆమె తొడల మీద ఎర్రటి లేజర్ లైటు పెట్టాడు. కండరాలు త్వరగా అలసిపోవట. అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు.

ఆ ఎర్ర వెలుగు చూడగానే మన ముత్తంగి మ్యాచ్ గుర్తొచ్చింది. మోకాలు నొప్పి, ఆడనని మొండికేశావు. నేను టార్చికి అగరబత్తి ప్యాకెట్ ఎర్ర కాగితం చుట్టి, "బొంబాయి మందు లైటురా, జెర కదలకుండ కూసో" అన్నాను. నమ్మేశావు, పిచ్చోడా! కూతకు వెళ్లి ముగ్గురిని ఔట్ చేశావు. తర్వాత ప్రతి మ్యాచ్‌కూ "లైటు తెచ్చినవా?" అనేవాడివి. అది ఉత్త టార్చి అని నువ్వు పోయేదాకా చెప్పలేదు.

"పెద్దనాయినా, ఇది పనిజేస్తదా?" అని ఇవాళ ఆ లేజర్ చూపిస్తూ నీ బిడ్డ అడిగింది.

"మీ నాయినకు జేసింది బిడ్డా."

ఈసారి అబద్ధం చెప్పలేదురా. అది నవ్వి, అచ్చం నీలాగే కుడి తొడ చరుచుకుని, కూతకు వెళ్లింది.