ఉయ్యాలకూ పాడెకూ ఒకటే ముడి

మీలో పాడె కట్టడం ఎవరికి వచ్చు? చెయ్యెత్తండి, చూద్దాం. ఒక్క చెయ్యీ లేవదని తెలిసే ఈ వీలునామా రాస్తున్నాను.

కవిటి దగ్గర పుట్టి, ఊరి రామమందిరంలో ముప్పయ్యేళ్లుగా ప్రవచనం చెబుతున్న తామాడ సింహాద్రి అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, మొన్నటి కిడ్నీ పరీక్షలోనూ గట్టెక్కిన ఒంటితో, స్వహస్తాలతో రాసిన మరణశాసనం ఇది.

1. నా స్వార్జితమైన కొబ్బరితోటను కొడుకు లోకనాథ్, కూతురు హేమలత కాయ పగిలినట్టు చెరో చెక్కా తీసుకోవాలి. తగువు పడితే ఇద్దరూ నా ప్రవచనాల రికార్డింగులన్నీ కూర్చుని వినాలి.

2. హైస్కూలు కమిటీ ఛైర్మన్, వరసకు అల్లుడు తారకేశ్వరరావుకు ఒక సీసా కొబ్బరినూనె. తలకు కాదు, తాళానికి. మేము తాడు పేని, ఉలి పట్టి నేర్చుకున్న క్రాఫ్టు గది తాళం అది. మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్లీ రాలేదు, గదిలోకి విరిగిన బెంచీలు వచ్చాయి. తెరవమంటే, “ఈ రోజుల్లో తాళ్లేటి మావా, పిల్లలు కంప్యూటర్లు నేర్సుకోవాల గానీ” అన్నాడు.

ఆ మాటకు ఈ వేసవిలో జవాబొచ్చింది. మా బావ బైరాగి పోయాడు. నేను సోంపేట నుంచి వచ్చేసరికే పాడె లేచింది. కట్టినవాళ్లు తారకేశ్వరరావు, ఇంకో ముగ్గురు డిగ్రీవాళ్లు, పార్సిలు పెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ పట్టీతో. వీధి మలుపులోనే వెదుళ్లు విడిపోయి బావ ఓ పక్కకి ఒరిగాడు. బావ భార్య, మా అప్ప నీలమ్మ ఏడుపు ఆపేసి, “ఓరి నాయనా, బతికున్నన్నాళ్లూ సైకిలు మీంచి పడనోడు, ఇప్పుడు మీ సేతుల్లోంచి పడిపోతాడేటిరా!” అంది. శవం ముందు నవ్వకూడదు. ఊరంతా నవ్వింది. బావ ఉంటే ముందు ఆయనే నవ్వేవాడు.

3. నా తాడు పేనే రాట్నం, బాడిస, ఉలులు ఆ గదికి చెందాలి. వాటిని గోడకు తగిలించి బొట్టుపెట్టి ఊరుకుంటే లోకనాథ్ వెంటనే వెనక్కి తెచ్చేయాలి. యుద్ధభూమిలో కృష్ణుడు పగ్గాలు పట్టాడు గానీ మైకు పట్టలేదు. ఆ మాట నాకూ తగులుతుందని మా ఆవిడ రత్నాలమ్మ పక్క నుంచి అంటోంది.

4. రత్నాలమ్మకు ఇల్లు, నా ప్రవచనం శ్రుతి మించినప్పుడు ఆమె మోగించే గంట. ఇకమీద దాన్ని దాచను.

5. హేమలతకు ఉయ్యాల తాడు. పదో తరగతిలో ఆ గదిలోనే పేనాను, తనూ దానిమీదే ఊగింది.

6. ఇక మిగిలిన ఆస్తి ఒక ముడి. బరువు పడేకొద్దీ బిగిసే ఆ ముడిని మాస్టారు మా వేళ్లు పట్టుకుని నేర్పారు. ఉయ్యాలకూ పాడెకూ అదే. ఇక్కడ రాద్దామని కూర్చున్నాను, మూడు వాక్యాలకే నాకే చిక్కుపడింది. చిన్ని కృష్ణుణ్ని కట్టబోతే యశోదమ్మ తాడుకు రెండు వేళ్లు తక్కువైంది. ఆ తల్లి ఇంకో తాడు తెచ్చి ముడేసింది, మళ్లీ ముడేసింది. చివరికి దేవుడే లొంగాడు! అయితే నా వేళ్లలో ఉన్న ముడి నాతోనే కాలిపోతుంది. అందుచేత ఆ గదిలో పిల్లలకు నాచేత ఈ ముడి నేర్పించాలన్న ఒక్క నిబంధన నేను బతికుండగానే అమలు కావాలి.

హేమలతకు దసరాకి కాన్పు. ముందు నేర్చినవాళ్లు ఆ ఉయ్యాల కట్టాలి. నా పాడెకు తొందరేం లేదు.

తారకేశ్వరరావూ, నూనె సీసా నీ గుమ్మంలో పెట్టించాను. నా చావు కోసం ఆగకు. సాయంత్రం బడి విడిచేలోపు తాళం తియ్యి.

తేదీ: 18 ఆగస్టు 2025
సంతకం: తామాడ సింహాద్రి
సాక్షులు: అప్పలమ్మ, నాగరాజు

సాక్షులకూ చెబుతున్నాను: సంతకాలయ్యాయి కదా, పెన్నులు కిందపెట్టి తలో బారెడు తాడు పట్టుకోండి. క్రాఫ్టు గదికి పదండి. ఇవాళే, ఇప్పుడే!