ఏమండీ అంటే తిరిగినవాళ్లు

ఏమండీ,

మీ సంవత్సరీకాలు అయ్యాక మొదటిసారి ఊరు కదిలాను. పక్కింటి సుబ్బలక్ష్మి, వాళ్లాయన బలవంతపెడితే పట్టిసీమ వెళ్లాను. ఆవిణ్ణి ఎప్పుడూ గారు అంటాను కదా, ఇవాళ అనబుద్ధి కావడంలేదు. "వచ్చే కార్తీకానికి తప్పకుండా వెళ్దాం" అని ఏటా మీరు నన్ను ఊరించిన పట్టిసీమే.

లాంచీ దిగాక గోదావరి మధ్యలో ఇసుక, దాని అవతల కొండ. ఇసుకలో నడవలేక సుబ్బలక్ష్మి చెప్పులు విప్పి మొగుడి చేతికిచ్చేసింది. ఆయన రెండు జతలూ పట్టుకుని నడిచాడు. నా చెప్పులు నేనే మోసుకున్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

కొండ మెట్ల మీద కాలు జారింది. అలవాటు కొద్దీ "ఏమండీ!" అని అరిచాను. ముందు ఎక్కుతున్న మగాళ్లందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"మా ఆయన్నేనా అండి పిలిచింది? ఉండండి, నా చెప్పులు కింద పెట్టనివ్వండి" అంది సుబ్బలక్ష్మి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిలుపు నా ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నేళ్లూ. ఊళ్లో ఆడవాళ్లందరిదీనట.

"ఎవరూ లేరుగా, ఒక్కసారి పేరు పెట్టి పిలువు" అని మీరు ఏడిపించినప్పుడల్లా నాలిక కరుచుకునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు లాంచీలో ఆవిడ ఆయన భుజం మీద తలవాల్చి నిద్రపోతోంది. నేను ఇంజను మోతలో మీ పేరు పైకే అన్నాను. ఒక్క మగాడూ తిరగలేదు.

హమ్మయ్య, అది నాదే.