వేబ్రిడ్జి ముందు ప్యాచ్

ఏప్రిల్ 28, 2025

మళ్లీ లేచిపోయింది. బొంతపల్లి కంపెనీ యార్డులో, లారీలను తూకం వేసే వేబ్రిడ్జి ముందు, మార్చిలో నాయినా నేనూ మా పనివాళ్లతో వేసిన తారు ప్యాచ్. నిన్నటి గాలివానకు కంకర పైకి తేలింది. బూటుతో తన్నితే మురమురాల ఉండలా పొడిపొడిగా ఊడి వచ్చింది. అదే చోట ఇది రెండోసారి.

అడ్మిన్ మేనేజర్ సునీల్‌కుమార్ సార్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నిషితా, ఇంకొక్క ఛాన్స్ ఇస్తాను అన్నారు. మూడోసారి వేసింది కూడా మొదటి పెద్ద వానకు లేస్తే యార్డు మెయింటెనెన్స్ మొత్తం సిటీ కాంట్రాక్టర్లకు ఇచ్చేస్తారట.

యార్డు పోతే మాకు మిగిలేవి షాపుల ముందు చిన్న చిన్న గుంతలు. వాటితో ఆరుగురు మనుషులకు పని చూపించలేం. నాయిన రోలర్ అమ్మేయాల్సి వస్తుంది. ముప్పై ఏళ్లు తారు పనిలో కూలీగా చేసి కొనుక్కున్న రోలర్ అది. ఇప్పటికీ ఇంకెవర్నీ ఎక్కనివ్వడు, నన్ను కూడా.

కారణమేంటని సార్ అడిగారు. లారీల కింద డీజిల్ కారుతోంది, డీజిల్ పడితే తారు కరుగుతుంది అని చెప్పాను. డిప్లొమాలో చదివిందే. చాలా గట్టిగా చెప్పాను.

ఏప్రిల్ 30

లోడు కోసం వచ్చిన బండ్లు లోపల ఆగకూడదని గేటు దగ్గర నోటీసు పెట్టారు. నా మాటకు ఇంత విలువ ఉందని నాకే తెలియదు. కొంచెం గర్వంగానే ఉంది.

మే 2

గర్వం దిగింది.

యాదన్న అని ట్యాంకర్ డ్రైవర్ గేటు దగ్గర నన్ను ఆపాడు. అరవై దగ్గర పడిన మనిషి. నోటీసు పుణ్యమా అని రోడ్డు పక్కన, నీడ లేని చోట, పొద్దున్నుంచీ నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. నవ్వాడు. ఏంది బిడ్డా, మా బండ్ల మీద పడ్డవట అన్నాడు. జెర నాతోని రా అని లోపలికి తీసుకెళ్లాడు.

గోడ పక్కన బండ్లు ఆపే జాగా చూపించాడు. ఎనిమిదేండ్ల సంది గీడనే ఆపుతున్నం, కారితె గీడ కారాలె గదా, సూడు అన్నాడు. చూశాను. రెండు మూడు మరకలున్నాయి, వాటి దగ్గర తారు కాస్త మెత్తబడింది. మిగతాదంతా రాయిలా ఉంది. వేబ్రిడ్జి కాడ ఏ బండన్న ఆగుతదా, తూకం కాంగనె పోతది అన్నాడు.

సార్ అడిగినప్పుడు యార్డు ఒకసారి చుట్టి చూసి చెప్పాల్సింది.

మే 3

మార్చిలో చేసిన పనంతా మళ్లీ గుర్తు చేసుకున్నాను. గుంత నలుచదరంగా కోశాం. దుమ్ము మొత్తం ఊదేశాం. తారు, కంకర కలిపిన మిక్స్ పొగలు కక్కుతూ వచ్చింది. కంకర మంచిదే. కానీ ఊడిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసనే. లారీలవి కాకపోతే ఎక్కడిది?

మే 5

తెలిసింది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇవాళ పటాన్‌చెరులో ఒక కాంప్లెక్స్ పార్కింగ్‌లో పని. నాయిన రోలర్ ఆపి, దిగి, గోనె ముక్కను డీజిల్‌లో ముంచి చక్రాలకు తుడిచాడు. తారు అంటుకోకుండా ఉండటానికి. మళ్లీ ఎక్కాడు, రెండుసార్లు తిప్పాడు, దిగి మళ్లీ తుడిచాడు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నాయిన చొక్కా వాసనంటేనే డీజిల్ వాసన. అందుకే ఇన్నాళ్లూ నా కళ్లకు ఆనలేదు.

పెద్ద రోడ్డు మీద రోలర్ ముందుకు పోతూనే ఉంటుంది. ఆ కాస్త డీజిల్ రోడ్డంతా పంచుకుంటుంది, ఏమీ కాదు. మా ప్యాచ్ మంచమంత. రోలర్ దాని మీదే తిరుగుతుంది, దాని మీదే ఆగుతుంది, తుడిచిందంతా దాంట్లోకే కారుతుంది. కార్లు తిరిగే చోట ఆ లోపం బయటపడలేదు. నిండు ట్యాంకర్లు మలుపు తిరిగే వేబ్రిడ్జి ముందు బయటపడింది.

మిగిలిన మిక్స్ వేడి మీదుండగానే రెండు రేకు పళ్లాల్లోకి ఎత్తుకుని అణగ్గొట్టాను. ఒకదాన్ని డీజిల్ గోనెతో, ఒకదాన్ని సబ్బునీళ్ల గోనెతో తుడిచాను. రెండూ పటేల్‌గూడలో మా ఇంటి డాబా మీద ఎండలో పెట్టాను.

మే 6

అవి అమ్మ వడియాలు పెట్టుకునే పళ్లాలట. ఈ విషయం మీద ఇంకేమీ రాయదలుచుకోలేదు.

మే 8

సబ్బునీళ్లదాంట్లో గోరు దిగలేదు. డీజిల్‌ది స్పూన్‌తో గీకితే లేచింది.

నాయినను డాబా మీదికి పిలిచి చూపించాను. మెల్లగా చెప్పాల్సింది. నాకెక్కడిది ఆ గుణం? నీ చేత్తో నువ్వే పాడు చేస్తున్నావు అనేశాను. నాయిన పళ్లాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేనేసిన రోడ్ల మీదనే గదా నువ్వు కాలేజీకి పోయింది, అవి లేచినయా అన్నాడు. కిందికి వెళ్లిపోయాడు. అన్నం తినలేదు. నేను తిన్నాను, కోపంగా. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మే 9

నాయిన నన్ను పిలవకుండానే పనికి వెళ్లిపోయాడు.

మే 10

మా పనివాళ్లలో పెద్దవాడు ఐలన్న. నాయిన నాకు చెప్పాలనుకున్నవన్నీ ఐలన్నకు చెబుతున్నాడు, నాకు వినబడేట్టు. డిప్లొమాల రోలర్ నడుపుడు గూడ నేర్పిన్రా ఏంది అని ఐలన్ననే అడిగాడు. ఐలన్న నవ్వాలో ఏడవాలో తెలియక తట్ట పట్టుకుని అవతలికి నడిచాడు.

మే 12

సునీల్‌కుమార్ సార్‌కు నిజం చెప్పాలని వెళ్లాను. చెబితే ఆ మిగిలిన ఛాన్స్ కూడా ఇవాళే పోవచ్చు. చెప్పకపోతే యాదన్న ఎండలోనే ఉంటాడు. స్కూటీ మీద దారి పొడవునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను.

ఆఫీసు గుమ్మం ముందు నాయిన చెప్పులు కనిపించాయి.

లోపల చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదట. తప్పు లారీలది గాదు సార్, నాది, ముప్పై ఏండ్లు గట్లనే జేసిన, నా బిడ్డ సూపెట్టేదాంక నాకు తెల్వలే అంటున్నాడు. గుమ్మంలోనే ఆగిపోయాను. లారీల మాట అన్నది నేను సార్, చూడకుండా అన్నాను అని నా వంతు చెప్పాను.

సార్ నోటీసు తీయిస్తానన్నారు. ఛాన్స్ మాత్రం అదే ఒక్కటి, ఇంకోటి ఉండదన్నారు.

బయటికొచ్చాక స్కూటీ పక్కన నిలబడి ఏడ్చాను. నాయిన ఎందుకని అడగలేదు. ఎండల నిలవడకు అని మాత్రం అన్నాడు. నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

యాదన్నకు క్షమాపణ చెప్పాను. గవన్నీ ఎందుకు, చాయ్ తాపు అన్నాడు. రెండు తాగాడు.

మే 18, ఆదివారం

మూడోది వేశాం. పాతదంతా అడుగుదాకా తవ్వి తీసి, కొత్తగా కోసి వేశాం. డీజిల్ డబ్బా ఇంట్లోనే వదిలేశాం.

మొదటి తిప్పుడుకే తారు చక్రానికి పట్టుకుంది. నాయిన పైనుంచి అరిచాడు, సూసినవా, సూసినవా అని. నా ప్రాణం పోయింది. నీళ్లు చాలడం లేదు, గోనె తడి రెండు నిమిషాల్లో ఆరిపోతోంది. నాకేమీ తోచలేదు. పుస్తకంలో అంతవరకే ఉంది.

నాయిన దిగాడు. ఖాళీ నీళ్ల క్యాన్ తెచ్చి, అడుగున మేకుతో వరసగా చిల్లులు పొడిచాడు. సబ్బునీళ్లు నింపి, చక్రానికి కాస్త పైన రోలర్ చట్రానికి కట్టాడు. చక్రం తిరిగినంతసేపూ సన్నగా కారుతూనే ఉంది. ఒక్క కంకర రాయి అంటుకోలేదు. దిగిన ప్రతిసారీ చక్రాన్ని అరచేత్తో తడిమి చూసుకున్నాడు.

సాయంత్రానికి నన్ను రోలర్ ఎక్కమన్నాడు. చివరి తిప్పుడు నాది. వంకరగా నడిపానని ఐలన్నకు చెప్పాడు.

మే 27

ట్యాంకర్లు తిరుగుతున్నాయి. గట్టిగానే ఉంది. కానీ పరీక్ష ఎండకు కాదు. వాన కోసం ఎదురుచూసే తారు పనివాళ్లు ఈ జిల్లా మొత్తంలో మేమే అయ్యుంటాం.

జూన్ 9

మబ్బు వేసింది. పోయింది.

జూన్ 12, ఉదయం 7

తెల్లవారేదాకా కుండపోత. మోకాలు నొప్పి అని నాయిన రాలేదు. నేను వేబ్రిడ్జి ముందు నిలబడగానే ఫోన్ చేశాడు. ఉన్నదా అన్నాడు.

ఉన్నది నాయినా అన్నాను.

ఇంకోపారి చెప్పు అన్నాడు.

చెప్పాను.