మోటార్ల దుకాణానికి కిటికీ

సత్తుపల్లి,
ఆదివారం.

బిడ్డ ఫిర్దోస్‌కు,

బాబా సలాం, దువా. ఇక్కడ నేను, మీ అమ్మీ బాగున్నాం. చలి మొదలయ్యాక అమ్మీ మోకాలు కాస్త పట్టేస్తోంది గానీ, నమాజుకు కుర్చీ వేసుకుంటోంది కాబట్టి ఇబ్బంది లేదు. హైదరాబాదులో వేళకు తింటున్నానని రాశావు. నేను నమ్మాను. అమ్మీ నమ్మలేదు. ఈ ఉత్తరంతో పాటు పచ్చడి సీసా కూడా కొరియర్‌లో పంపమంది, పంపుతున్నాను.

"ఫోన్ చేస్తే అవ్, అవ్, మంచిది అని పెట్టేస్తున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నా. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేరు కదా" అని రాశావు. చదివి నవ్వొచ్చింది. పెట్టెయ్యలేదు, రెండుసార్లు చదివాను. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. ఒక్కదానికి మాత్రం చివర రాస్తాను.

దుకాణం ఎత్తేసే మాట ఏమైందని అడిగావు. ఎండాకాలంలో పక్క ఎరువుల దుకాణం బసవపున్నయ్యతో, దసరా దాటాక నా షట్టర్ నీకే ఇస్తాను, గోడౌన్ చేసుకో అన్నది నిజమే. నడుము నొప్పి, ఇక మోటార్లు విప్పలేను అని నీకు చెప్పాను. దసరా దాటింది. షట్టర్ ఇవ్వలేదు. ఇవ్వను కూడా. అందులో నీ చెయ్యి ఉంది.

చాట్ వల్ల ఏమైనా ఉపయోగం ఉందా అన్నావు కదా, అదే చెబుతున్నాను. నువ్వు చేసిన మన దుకాణం యాప్‌లో ముందు సామాన్ల ఫొటోలు, ఒక ఫోన్ బటన్ మాత్రమే ఉండేవి. బక్రీదుకు వచ్చి చాట్ కలిపి వెళ్ళావు. మూలన గుర్తు నొక్కితే కిటికీలా తెరుచుకుంటుంది, రైతు రాసింది మీకు, మీరు రాసింది రైతుకు కనపడుతుంది అన్నావు. నా పేరు పక్కన పచ్చ చుక్క వెలిగితే నేను ఉన్నట్టు అని కూడా అన్నావు. ఆ చుక్కతోనే చిక్కు వచ్చింది.

షట్టర్ తెరిచిపెట్టి మనిషి లేకుండా పోవడం మీ తాత కాలం నుంచి మన దుకాణంలో లేదు. పచ్చ చుక్క అంటే షట్టర్ తెరిచి ఉన్నట్టే అనుకున్నాను. అందుకని ఫోన్ ముందు నుంచి లేవలేదు. మధ్యాహ్నం నమాజుకు పోయేముందు, అప్పటిదాకా రాసినవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ, "నమాజుకు పోతున్నాను, వచ్చి జవాబిస్తాను" అని రాసి పోయేవాణ్ణి. వాళ్ళలో పని ఎప్పుడో అయిపోయి నన్ను మరిచిపోయినవాళ్ళే ఎక్కువ. దమ్మపేట అవతల అడవి అంచు ఊరి నుంచి కన్నమ్మ అనే ఆమె, "మంచిది అన్నా, నా పేరు మీద కూడా ఒక దువా చెయ్యి" అని రాసింది. చేశాను.

ఇంకొకటి కూడా అయ్యింది. నేను ప్రతి జవాబూ "అయ్యా, నమస్కారం, మీరు రాసినది చేరింది" అని మొదలుపెట్టేవాణ్ణి. వైండింగ్ చేసే మన కోటేష్ వెనక నుంచి చూసి, చెవి దగ్గరకొచ్చి అన్నాడు.

"ఉస్తాద్, ఆ రైతు బోరు కాడ ఎండల నిలబడ్డడు. నీ ఉత్తరం అయ్యేలోపు కరెంటు పోతది."

"మర్యాద వద్దారా?"

"మర్యాద మెల్లగ చేద్దువు. ముందు స్టార్టర్ సంగతి చెప్పు."

ఇప్పుడు నమస్కారం చివర పెడుతున్నాను.

కల్లూరు వైపు తండా నుంచి వచ్చే బిచ్యా నీకు గుర్తుండాలి. పోయిన ఏడాది అతను ఫోన్ చేస్తే, మోటార్ పైకి తీసి పట్టుకురా అన్నాను. పాపం మనుషులను పెట్టి బోరులోంచి పైపులన్నీ లాగించి, మోటార్‌ను ఆటోలో వేసుకొచ్చాడు. విప్పి చూస్తే దానికి ఏమీ కాలేదు. "పేరొచ్చినంక జావీద్ భాయ్‌కి మాతోని మాట్లాడ తీరుత లేదు" అని దుకాణం ముందు అందరూ వినేటట్టు అని పోయాడు. ఇక రాడనుకున్నాను.

పోయిన వారం కిటికీలో ఒక మాట వచ్చింది. రాసింది బిచ్యా భార్య చాంది.

"బోరు ఎండిపోయింది భాయ్. మోటార్ నడుస్తుంది గని నీళ్ళు దారం లెక్క వస్తున్నయ్. మిర్చి వాడుతుంది. మా ఇంటాయన కొత్త బోరు వేయిద్దామని బండోళ్ళకు ఫోన్ చేస్తుండు."

"బండిని ఆపమను. మొన్నటిదాకా నీళ్ళు ఎట్ల వచ్చినయ్?" అని రాశాను.

"పైపు నిండ వచ్చినయ్."

"ఈ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఏమన్నా పని చేసిన్రా?"

"పాతది కాలిపోయింది. నిన్న కొత్తది పెట్టిన్రు. దానికీ బోరుకూ ఏంది సంబంధం?" అని వచ్చింది.

సంబంధం ఉంది. అక్కడ తీగలు మారి కలిస్తే ఇక్కడ మోటార్ ఉల్టా తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం సరిగా రావు. బోరూ మంచిదే, మోటారూ మంచిదే, కరెంటు పని తెలిసినవాణ్ణి పిలిచి మెయిన్ ఆపించి స్టార్టర్‌లో రెండు వైర్లు అటుది ఇటు మార్పించండి అని రాశాను. మధ్యాహ్నం దాటాక వీడియో వచ్చింది. పైపు నిండా నీళ్ళు దూకుతున్నాయి. పక్కన బిచ్యా లుంగీ తడుపుకుని నిలబడ్డాడు. దాని కింద చాంది రాసింది: "బండోళ్ళను వద్దన్నడు. నిన్ను అన్న మాటకు ఇప్పుడు తల గోక్కుంటుండు భాయ్."

"గోక్కోనియ్యమ్మా. నమస్కారం" అని రాశాను.

నేను ఫోన్ చూసి నవ్వుతుంటే బసవపున్నయ్య వచ్చాడు. ఆయన గొంతు నీకు తెలుసు, బస్టాండ్ దాకా పోతుంది.

"ఏమయ్యా జావీదూ, షట్టర్ నాకిస్తానని చెప్పి ఫోన్లో ముచ్చట్లు పెట్టుకు కూర్చున్నావ్. నా బస్తాలు బజార్లో పెట్టుకోమంటావా?"

"పెట్టుకో. షట్టర్ ఇవ్వట్లేదు."

"ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు కదా. ఊరంతా గోడౌన్ అడిగి తిరిగేవాణ్ణి" అని విసుక్కున్నాడు. తర్వాత ఆయనే రెండు చాయ్‌లు తెప్పించాడు.

మీరు ప్రతిదానికీ కూర్చుని రాయక్కర్లేదు, దానంతటదే జవాబిచ్చేటట్టు పెడతాను అన్నావు. వద్దు బిడ్డా. మోటార్ పనిలో సగం అడగడంలోనే ఉంది. అడిగి, వాళ్ళు చెప్పింది విని, మళ్ళీ ఇంకొకటి అడగాలి. అడగకపోతే అందరికీ ఒకటే జవాబు చెప్పాల్సి వస్తుంది, మోటార్ తీసి పట్టుకురండి అని. ఆ జవాబు నేను చాలినంత చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పుడు రాస్తాను.

"బాబా, నా మీద కోపమా? ఎందుకు నాతో మాట్లాడరు?" అని అడిగావు. చివరకు పెట్టుకున్నది అదే.

కోపం లేదు. నాకు చెవులు వినపడడం లేదు.

ఒక్కసారిగా వచ్చింది కాదు. గ్రైండరు, కోత మిషను, టెస్టింగుకు తిప్పే మోటార్లు, వాటి మధ్యనే బతికాను. ఊరి పక్క బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడతారు కదా. ఒకరోజు గ్లాసులో చాయ్ వణికింది, రేకుల మీంచి దుమ్ము రాలింది. కోటేష్ తల తిప్పి గని వైపు చూశాడు. నాకు చప్పుడే రాలేదు. అప్పుడు గట్టిగా తెలిసింది.

ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం విని, సగం పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. ఫోన్లో పెదాలు ఉండవు. స్క్రూడ్రైవర్ కొనను మోటార్‌కు ఆనించి పిడిని చెవి వెనక ఎముకకు అదిమిపెడితే బేరింగు ఎట్లా ఉందో ఇప్పటికీ తెలుస్తుంది. రైతు గొంతుకు స్క్రూడ్రైవర్ పెట్టలేను. వాళ్ళు ఏమి చెబుతున్నారో తెలియక, అందరికీ తీసుకురండి అన్నాను. నువ్వు ఫోన్ చేస్తే అవ్ అన్నాను. నీ మాటలు చాలా పోయాయి బిడ్డా. దుకాణం ఎత్తేద్దామనుకున్నది నడుము వల్ల కాదు, దీని వల్ల. చెవుడు వచ్చిన మెకానిక్ దగ్గరికి ఎవరొస్తారు అనుకున్నాను.

కోటేష్‌కు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మీకి తెలియదనుకున్నాను. అజాన్ అయ్యిందా అని నేను రోజూ అడుగుతుంటే, వేళకు తనే వచ్చి నా ఎదుట నిలబడి కొంగు తల మీదికి లాక్కోవడం మొదలుపెట్టింది. చూసి లేచేవాణ్ణి. ఎప్పటి నుంచి తెలుసని మొన్న అడిగితే, "మీరు నాతో గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టినప్పటి నుంచి" అంది. నేను గట్టిగా మాట్లాడుతున్నానని కూడా నాకు తెలియదు.

ఇద్దరం ఖమ్మం దవాఖానాకు పోయి వచ్చాం. చెవికి మిషను పెట్టుకుంటే ఎదురు మనిషి మాట కొంత నయమవుతుంది, ఫోన్ సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు. కొలత తీసుకున్నారు. భయపడాల్సింది లేదు, సెలవు పెట్టి పరుగెత్తి రావద్దు.

నువ్వు చాట్ పెట్టింది ఇది తెలిసి కాదు. రైతులకు సుఖంగా ఉంటుందని చేశావు. తెలియక చేసినా అది నాకు అందింది. ఇప్పుడు ఎవరు ఏమి అడిగినా పూర్తిగా తెలుస్తోంది. తెలియకపోతే మళ్ళీ చదువుకుంటాను. మనిషిని, మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అడగాల్సిన పని లేదు. నా పని నాకు మిగిలింది. షుక్రియా అని ఇంట్లో పిల్లలకు చెప్పే అలవాటు మనకు లేదు. అందుకని రాస్తున్నాను.

ఒక పని చేసి పెట్టు. యాప్‌లో ఆ ఫోన్ బటన్ తీసెయ్యి. కిటికీ పైన, నా పేరు కింద, ఈ మాట పెట్టు: "జావీద్ మెకానిక్‌కు చెవులు సరిగా వినపడవు. ఇక్కడ రాయండి, ఆయనే జవాబిస్తారు." బిచ్యా, కన్నమ్మ, బసవపున్నయ్య, అందరూ చదవాలి. "వినపడవు" అనేదాన్ని మెత్తగా మార్చి రాయకు. ఉన్నది ఉన్నట్టు పెట్టు.

ఇంతవరకూ అమ్మీకి చదివి వినిపించాను. చప్పుడు ఎక్కువైందని చేత్తో సైగ చేసింది. ఆ మాట పెద్ద అక్షరాల్లో పెట్టమని చెప్పమంది.

ఇట్లు,
నీ మేలు కోరే
బాబా,
జావీద్.