నా సాక్ష్యం నాకు వదిలేయండి

ప్రియమైన నాన్నకి,

మీ గడుగ్గాయి వందనాలు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. ఫోన్లో మీరు నన్ను ఒక్క వాక్యమూ పూర్తి చేయనివ్వరు, రెండో మాటకే ప్రార్థన మొదలుపెడతారు. కాగితమైతే చివరిదాకా వినక తప్పదు.

వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం చర్చి హాల్లో గర్భస్రావం మీద చర్చ పెట్టారనీ, ప్రధాన వక్త మీరేననీ, మీ ప్రసంగం అయ్యాక నేను లేచి సాక్ష్యం చెప్పాలనీ రాశారు. పన్నెండేళ్ళుగా ప్రసూతి వార్డులో నర్సుని, పైగా పాస్టరుగారి కూతుర్ని, నాకంటే తగినవాళ్ళెవరని అడిగారు. నేను రావడం లేదు నాన్నా. ఎందుకో రాస్తాను. కోపంతో రాస్తున్నానని అనుకోకండి. కోపం చల్లారాకే కలం పట్టాను.

ముందు నా సంగతి. ఆరేళ్ళ క్రితం ఐదో నెల స్కాన్‌లో పాపకి పుర్రె పైభాగం ఏర్పడలేదని తేలింది. పుట్టినా గంటకు మించి బతకదన్నారు. డాక్టరమ్మ నన్నూ మీ అల్లుణ్ణీ కూర్చోబెట్టి, తలుపు వేసి, "తీయించుకుంటానన్నా నిన్ను తప్పుపట్టను. మోసినా నీ ప్రాణానికి ప్రమాదం లేదు. ఏది అనుకున్నా నేను నీ పక్కనే ఉంటాను" అంది. ఇద్దరం వారం రోజులు ఏడ్చి, మోద్దామనుకున్నాం. పాప నలభై నిమిషాలు బతికింది. ఆ నలభై నిమిషాలు కావాలా అని ఈరోజు అడిగినా కావాలనే అంటాను. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు.

ఆ తర్వాత మీరు నా కథని ప్రసంగాల్లో చెప్పడం మొదలుపెట్టారు. మొదటిసారి విని గర్వపడ్డాను. మూడోసారికి అందులో నేను చిరునవ్వుతో స్తుతిగీతం పాడుతున్నాను! నేను నవ్వలేదు నాన్నా. పాడలేదు. పాప ఊపిరి ఆగిపోయాక కూడా వదలనని పట్టుకున్నాను. తీసుకోబోయిన తోటి నర్సు చెయ్యి కొరికాను. ఆ గాటు ఇంకా ఆమె మణికట్టు మీద ఉంది, నన్ను క్షమించేసింది కాబట్టి దాన్ని చూపించి నవ్విస్తుంటుంది. నా ప్రాణానికి ప్రమాదం లేదని డాక్టరమ్మ చెప్పిన మాట మాత్రం మీ ప్రసంగంలో ఒక్కసారీ రాలేదు. అది చెబితే కథ పలచబడుతుందని వదిలేశారనుకుంటాను.

పోయిన నెల మా వార్డుకి మన ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. బట్టలు కుడుతుంది. మన చర్చిలో చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంటుందట. పాటల బృందం తెల్లంగీలన్నీ కుట్టింది ఆవిడే. నాలుగో నెలలో ఉమ్మనీరు పోయి, లోపల ఇన్ఫెక్షన్ మొదలైంది. బిడ్డ గుండె కొట్టుకుంటూనే ఉంది. ఇంత తక్కువ నెలలకి పుడితే ఏ బిడ్డా బతకదు, ఆగితే తల్లి కూడా దక్కదు, వెంటనే తీసేయాలని డాక్టర్లు చెప్పారు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. భర్త బస్సు డ్రైవరు, యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చాడు. "ఐదేళ్ళ పిల్లుంది మనకి. దాని మొహం చూసైనా ఒప్పుకోవే" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆవిడ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టలేదు.

నాకు ఆ రోజు సెలవు. మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి జ్వరం నూట నాలుగు, మాట తడబడుతోంది. "సంతకం ఎందుకు పెట్టలేదక్కా?" అని అడిగాను.

"మా పాస్టరుగారి కూతురు మోసింది, నవ్వుతూ మోసింది. నాకు ఆ మాత్రం విశ్వాసం లేదా?" అంది.

నా కథ నాకే చెప్పింది నాన్నా! కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ కూతుర్ని నేనే. నేను నవ్వలేదు. నా ప్రాణం మీదికి రాలేదు కాబట్టి మోశాను. మీ ప్రాణం మీదికి వచ్చింది."

"మరి అయ్యగారు అలా చెప్పలేదే?"

"ఆయన చెప్పలేదు. నేను చెబుతున్నాను."

"పాపం కాదా?"

"విశ్రాంతి దినమైనా సరే, గుంటలో పడ్డ గొర్రెని పైకి లాగమన్నాడు కదా ప్రభువు? మీరిద్దరూ గుంటలో ఉన్నారు. మా చేతికి ఒక్కరే అందుతున్నారు. ఆ ఒక్కర్నీ కూడా వదిలేయమంటాడా?"

సంతకం పెట్టింది. బతికింది. కానీ అప్పటికే విషం పాకిపోయి గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. ఒక్క రోజు ముందైతే ఆ అవసరం పడేది కాదన్నారు సర్జన్‌గారు. ఆ ఒక్క రోజూ మీ ప్రసంగం మింగింది.

ఇదంతా ఆవిడని అడిగే రాస్తున్నాను. "రాయండి, అయ్యగారికి తెలియాలి" అంది.

గర్భంలోది ప్రాణమేనని మీరు నేర్పారు. ఇప్పటికీ నమ్ముతున్నాను, నమ్మకేం చేస్తాను, చేతుల్లో పట్టుకున్నదాన్ని! ఏ ఆపదా లేకుండా తీయించుకోవడానికి వచ్చేవాళ్ళూ ఉంటారు. ఆ పని నావల్ల కాదని మేట్రన్‌కి చెప్పి పక్కకి తప్పుకున్న రోజులున్నాయి. తప్పుకుని, ఆ తరవాత వాళ్ళ మంచం పక్కకి వెళ్ళి నీళ్ళు తాగించిన రోజులూ ఉన్నాయి. అన్ని ప్రశ్నలకీ నా దగ్గర జవాబుల్లేవు. కానీ నా బిడ్డ పేరు చెప్పి ఇంకో ఆడదాన్ని చావు అంచుకి తోస్తానంటే మాత్రం, మీరైనా సరే, ఊరుకోను. చర్చలో మీ ఇష్టమొచ్చింది చెప్పండి. నా సాక్ష్యం నాకు వదిలేయండి.

మీరు పెంచినట్టే పెరిగిన
మీ కూతురు


చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తండ్రిగా చదివి బాధపడ్డాను. రెండోసారి పాస్టరుగా చదివి ఇంకా బాధపడ్డాను.

నువ్వు నవ్వావన్నది నా తప్పు. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. అలా జరిగి ఉంటే బాగుండునని అనుకుని, అనుకుని, చివరికి జరిగిందనే నమ్మాను. క్షమించు.

మిగతాది అంత సులువుగా ఒప్పుకోలేను. నీ కథ విని, ఆస్పత్రిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసిన తల్లులు ఇద్దరున్నారు. ఆ పిల్లలిద్దరూ ఇప్పుడు మన సండే స్కూల్లో ఉన్నారు. ఒకడైతే నా కళ్ళజోడు విరగ్గొట్టాడు. వాళ్ళ మొహాలు చూసి ఈ బోధ తప్పని ఎలా అనను? ఒక్కరికని తలుపు ఓరగా తీస్తే వెనకాల ఊరంతా దూరుతుందన్న భయం నాది. నలభై ఏళ్ళ భయం, ఒక్క ఉత్తరంతో పోదు.

కుట్టుపని ఆవిడ ఇంటికి రేపు వెళ్తాను. అక్కడ వాదించకుండా ఉంటానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను.

నాన్న


నా గడుగ్గాయికి,

వాదించలేదు. అవకాశం ఇస్తే కదా ఆవిడ!

ఆవిడ గదిలో కిటికీ కింద కుట్టుమిషను ఉంది. ఇంకో నెలదాకా తొక్కొద్దన్నారట, మంచం మీద కూర్చుని చేత్తో అంచులు కుడుతోంది. నేను క్షమాపణ మొత్తం దారిలో తయారు చేసుకుని వెళ్ళాను. సగంలోనే ఆపేసింది.

"తప్పంతా మీ మీద వేసుకోకండి అయ్యగారూ. మొదట సంతకం పెట్టననిందీ నేనే, తరవాత పెట్టిందీ నేనే. మీరొచ్చారు, అది చాలు. నాకొకటి కావాలి."

"ఏమిటమ్మా?"

"నా బిడ్డకి ప్రార్థన. ఆస్పత్రివాళ్ళు చిన్న పెట్టెలో పెట్టి ఇచ్చారు. మా ఆయన ఒక్కడే సమాధుల తోటకి తీసుకెళ్ళి గోడ పక్కన పూడ్చి వచ్చాడు. ఎవరూ ఒక్క మాట చదవలేదు. గర్భంలోది ప్రాణమేనని మీరే కదా చెప్పారు? ప్రాణమైతే మరి ప్రార్థన ఎందుకు లేదు?"

తల్లీ, నలభై ఏళ్ళలో ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పెళ్ళికి, పసిపిల్లల ప్రతిష్ఠకి, కొత్తింటికి, కొత్త వాహనానికి కూడా నా దగ్గర ప్రార్థన క్రమం ఉంది. దీనికి లేదు. ఇన్నేళ్ళూ ఆ బిడ్డల గురించి అంత గొంతు చించుకున్నవాణ్ణి, వాళ్ళలో ఒక్కరి సమాధి దగ్గరా నిలబడలేదు.

ప్రార్థనకి ఒప్పుకున్నానని తెలిసి మన పెద్దాయన, సంఘానికి ముప్పై ఏళ్ళుగా పెద్దగా ఉన్నాయన, ఇంటికొచ్చారు. "తీయించుకున్న బిడ్డకి పాస్టరుగారే ప్రార్థన చేస్తే, తీయించుకోవడానికి ముద్ర వేసినట్టే కదండీ" అన్నారు.

"ముద్రలు వేయడానికి నాది పోస్టాఫీసు కాదండీ" అన్నాను. మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయారు.

శనివారం ఉదయం సమాధుల తోట గోడ పక్కన ఆవిడ, డ్రైవరు, వాళ్ళ ఐదేళ్ళ పిల్ల, నేను నిలబడ్డాం. బిడ్డకి వాళ్ళొక పేరు అనుకున్నారు. అది వాళ్ళ సొంతం, నీక్కూడా రాయను. ఆ పేరు పెట్టి బిడ్డని దేవుడి చేతుల్లో ఉంచాను. తల్లి బతికినందుకు అదే ప్రార్థనలో కృతజ్ఞత చెప్పాను. ఈ రెండూ ఒక్క నోటి నుంచి రావేమోనని రాత్రంతా బెంగపడ్డాను. ఏ తడబాటూ లేకుండా వచ్చాయి.

మర్నాడు సాయంత్రం చర్చ. హాలు కిటకిటలాడింది. "నా కూతురి కథ మీకు చాలాసార్లు చెప్పాను. అందులో సగం దాచాను, కొంత కల్పించాను. దానివల్ల ఒకరికి తీరని నష్టం జరిగింది. ఇకమీదట ఆ కథ నా నోట వినరు" అని మొదలుపెట్టాను.

ఒక లాయరుగారు లేచి, "ఇంతకీ గర్భస్రావం పాపమా కాదా? సూటిగా చెప్పండి" అన్నారు.

"సూటిగానే చెబుతాను. గర్భంలోది దేవుడిచ్చిన ప్రాణం. మోస్తున్నావిడదీ దేవుడిచ్చిన ప్రాణమే. ఆవిడ ఆపదలో ఉంటే చెయ్యి అందించకపోవడం పాపం, అది నేను చేశాను. ఏ ఆపదా లేనప్పుడు బిడ్డని తీసేయకూడదనే ఇప్పటికీ నా నమ్మకం. కానీ తీయించుకున్నావిడ, తీయించుకోబోతున్నావిడ, ఎవరు నా గుమ్మంలోకి వచ్చినా ముందు కుర్చీ వేస్తాను. ఆవిడ చెప్పింది పూర్తిగా విన్నాకే నోరు విప్పుతాను" అన్నాను.

కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు లేచి వెళ్ళిపోయారు. రెండూ నాకు కొత్త కాదు. నీ నమ్మకం నాదానికంటే కొంచెం మెత్తనిదో, కొంచెం గట్టిదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. నువ్వు వచ్చాక తీరిగ్గా పోట్లాడుకుందాం.

అందరూ వెళ్ళాక నా గదిలో దీపం ఆర్పబోతుంటే తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. పెద్దాయన భార్య. డెబ్బై దాటిన మనిషి, ఎప్పుడూ నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడగా వినలేదు.

"అయ్యగారూ, ఆ ప్రార్థన నాక్కూడా చేస్తారా? తీయించుకుని నలభై రెండేళ్ళయింది. ఇప్పుడు చేసినా చెల్లుతుందా?" అంది.

"చెల్లుతుందమ్మా" అన్నాను. కుర్చీ వేశాను.

బిడ్డకి మనసులో పెట్టుకున్న పేరు చెప్పింది. చెబుతూ తలుపు వైపు చూసింది. పెద్దాయన బయట చీకట్లో నిలబడి ఉన్నారు, చేతుల్లో ఆవిడ శాలువా. "రండి" అన్నాను. కదల్లేదు. అప్పుడు ఆవిడే లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, "మనిద్దరి బిడ్డే కదండీ" అంది.

ఆయన లోపలికి వచ్చి మోకరించారు. నేను మొదలుపెట్టబోతే ఆగమన్నట్టు చెయ్యెత్తి, ఆ పేరు ఆయనే పలికారు.

నేర్చుకుంటున్న
మీ నాన్న