మన కారుకు కొత్త ఇంజను

నాన్నకు నమస్కారాలు.

మీరు జీవితంలో మొదటిసారి కొన్న కారు ఇంజనును పొట్టన పెట్టుకున్న ఈ కుపుత్రుణ్ణి, వంశం పరువు తలుచుకుని, క్షమించవలసిందిగా వేడుకుంటున్నాను. కంగారు పడకండి, తప్పు నాది కాదని తేలింది, కొత్త ఇంజనూ వచ్చింది.

ఆఫీసుకు వెళ్తుండగా నడిరోడ్డు మీద టకటకా కొట్టుకుని ఆగిపోయింది. షోరూముకు లాగించుకుని వెళ్తే అక్కడి మేనేజరు, "కుర్రాడివి, ఇష్టమొచ్చినట్టు తోలి ఉంటావు. ఇది వారంటీ కిందికి రాదు" అన్నాడు. "మా నాన్న ముప్పై దాటొద్దన్నారండీ, సైకిళ్లు కూడా నన్ను దాటిపోతున్నాయి" అన్నాను. నమ్మలేదు. మెకానిక్ విప్పి చూసి, ఆయిల్ పంపు కంపెనీలోనే సరిగ్గా బిగించలేదన్నాడు. అయినా మేనేజరు రేపు రా, మాపు రా అని తిప్పాడు. చివరికి దిగొచ్చి, పైసా తీసుకోకుండా కొత్త ఇంజను వేయించాడు. నిన్న ఇంటికి తెచ్చాను, చప్పుడు లేకుండా పిల్లిలా నడుస్తోంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? సీట్ల ప్లాస్టిక్ కవర్లు మీ ఆజ్ఞ ప్రకారం తీయలేదు; ఎండకు వీపు అతుక్కుపోతోంది, అనుమతి ఇప్పించండి. అమ్మకు నమస్కారాలు, చెల్లికి ఒక మొట్టికాయ.

నేను పోట్లాడి సాధించానని వీధిలో చెప్పకండి. నేను చేసింది ఒక్కటే. సెలవు పెట్టి ఆ షోరూము సోఫాలో కూర్చున్నాను. కారు కొనడానికి వచ్చినవాళ్లు "ఎలా ఉంటుంది బాబూ?" అంటే, "సీట్లు మెత్తగా ఉంటాయండీ. నా కారు ఇంజను వెనక షెడ్డులో విప్పి ఉంది, చూస్తారా?" అని వినయంగా అడిగాను. రెండో కుటుంబం కూడా లేచి వెళ్లిపోయాక మేనేజరు నాకు టీ తెప్పించి, వారంటీ కాగితం మీద సంతకం పెట్టాడు.